లూయీ పాశ్చరు మహాశయుడు

ఫ్రాన్సు దేశమున దోల్ అను పట్టణమందు 1822వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన, తోళ్లు పదునుచేయు కుటుంబమున లూయీ పాశ్చరు జన్మించెను. బాల్యము అర్బువాయందు గడచెను. 1831లో ఆ ప్రాంతమున వెఱ్ఱితోడేలొకటి పలువురను కఱచెను. గాయపడినవారిని కమ్మరి కొలిమికి తెచ్చి, ఎఱ్ఱగా కాలిన యినుముతో గాయములను కాల్చిరి. నాటికి తెలిసిన చికిత్స అదియే. ఆ ఆర్తనాదములు ఎనిమిదేండ్ల లూయీ మనస్సున నాటుకొనెనని చెప్పుదురు.

ఆయన రసాయనశాస్త్రజ్ఞుడేగాని వైద్యుడు కాడు. పులియుటలోని మర్మమును, పట్టుపురుగుల తెగులును, గొఱ్ఱెల దొమ్మరోగమును శోధించెను. ముగ్గురు కుమార్తెలు బాల్యముననే గతించిరి. 1868లో పక్షవాతమున ఎడమభాగము చచ్చుబడెను. అయినను పని మానలేదు.

పిచ్చికుక్క విషము గాయమునుండి నాడులవెంట మెదడునకు ప్రాకుటకు సాధారణముగా కొన్ని వారములు పట్టును. ఆ వ్యవధిలోనే శరీరమును సిద్ధపఱుపవలెనని పాశ్చరు తలచెను. రోగము సోకిన కుందేళ్ల వెన్నుపామును ఆరబెట్టగా విషబలము దినదినము తగ్గి, పదునాలుగు దినములకు నశించెను. మొదట బలహీనమైనదియు, పిమ్మట క్రమముగా బలమైనదియు ఎక్కింపగా కుక్కలు రోగమునకు లోబడలేదు.

1885 జూలై 6న అల్సేస్ సీమనుండి తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరును తల్లి తోడ్కొనివచ్చెను. రెండు దినములకు ముందు కుక్క కఱచిన గాయములు పదునాలుగు. మందు ఫలించునో, తానే బిడ్డను చంపునో తెలియదు. ఊరకున్నను మరణమే సంభవింపవచ్చును. సూది పట్టుటకు పాశ్చరునకు అధికారము లేనందున గ్రాంషే అను వైద్యుడు పదుమూడు మార్లు మందెక్కించెను. పాశ్చరునకు రాత్రులు నిద్రలేదు. బాలుడు బ్రదికెను.

ఆ కీర్తి వ్యాపించుచుండగా, నవంబరు 9న పదేండ్ల లూయీజ్ పెల్తియే అను బాలికను తెచ్చిరి. గాయము తలపై, కఱచి 37 దినములైనది. మెదడునకింత చేరువ గాయము, ఇంత జాగు! కాదనినచో ఆయన పేరునకు మచ్చ యుండెడిది కాదు. అయినను తల్లిదండ్రుల మొగము చూచి ఒప్పుకొనెను. డిసెంబరు 3న బాలిక మరణించెను. పాశ్చరు కన్నీరు పెట్టుకొనెను. విరోధులు నిందించిరి. నేడైనచో ఇట్టి గాయమును వెంటనే సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, టీకాతోబాటు సిద్ధముగా నున్న ప్రతిరక్షక ద్రవ్యమును గాయమునందే ఎక్కింతురు. ఆనాడది లేదు.

1888లో పారిసున ఆయన పేర శోధనాలయము వెలసెను. మన తెలుగుజిల్లాలు చేరియుండిన మదరాసు రాజధానికి 1907లో కూనూరున అట్టి సంస్థ యేర్పడెను. పాశ్చరు 1895 సెప్టెంబరు 28న దివంగతుడయ్యెను. ఆయన కాయము పారిసు శోధనాలయము క్రిందనే సమాధిచేయబడెను. జోసెఫ్ మైస్టరు పెద్దవాడై అచ్చటనే ద్వారపాలకుడుగా కొలువు చేసెను.