అలెన్ విపుల్

అలెన్ ఓల్డ్‌ఫాదర్ విపుల్ (సెప్టెంబరు 2, 1881 - ఏప్రిల్ 6, 1963) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు. ఇన్సులిన్‌ను అతిగా స్రవించే క్లోమపు కంతులను గుర్తించుటకు ఆయన నిర్దేశించిన మూడు లక్షణాలు "విపుల్ త్రయం"గా ప్రసిద్ధి చెందాయి. 1934లో నోబెల్ బహుమతి పొందిన జార్జి విపుల్ వేరొక వైద్యుడు.

బాల్యము, విద్య

విపుల్ పర్షియా (నేటి ఇరాన్) లోని ఊర్మియాలో క్రైస్తవ మిషనరీ దంపతులకు జన్మించాడు. 1904లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై, 1908లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పొందాడు. 1921 నుండి 1946 వరకు అక్కడే శస్త్రచికిత్సా శాస్త్ర ఆచార్యుడిగా పనిచేశాడు.

విపుల్ త్రయం

క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికలు ఇన్సులిన్‌ను తయారుచేస్తాయి. ఈ కణాలలో కంతి ఏర్పడితే, రక్తంలో చక్కెర తగ్గినా ఇన్సులిన్ స్రావం ఆగదు. మెదడుకు గ్లూకోజు చాలక రోగికి చెమటలు, తికమక, మూర్ఛ కలుగుతాయి. ఇటువంటివారిని మూర్ఛరోగులుగానో మతి చలించినవారిగానో పొరబడే ప్రమాదం ఉంది. మరోవైపు, కంతి లేనివారికి అనవసరంగా కడుపు కోసే ప్రమాదమూ ఉంది. 1929లో కెనడా వైద్యుడు రాస్కో గ్రాహం ఇటువంటి కంతిని తొలిసారి విజయవంతంగా తొలగించిన తరువాత, ఎవరికి శస్త్రచికిత్స అవసరమో నిర్ణయించడం ముఖ్య సమస్య అయింది.

వర్జీనియా ఫ్రాంజ్‌తో కలిసి ఈ కంతులపై 1935లో వ్యాసం ప్రచురించిన విపుల్, శస్త్రచికిత్సకు ముందు ఈ మూడూ నిర్ధారణ కావాలన్నాడు:

* ఉపవాసంలో లేదా శ్రమించినపుడు చక్కెర తగ్గిన లక్షణాలు కనబడాలి.
* ఆ సమయంలో రక్తంలో చక్కెర 50 మి.గ్రా./డె.లీ. కంటే తక్కువ ఉండాలి.
* గ్లూకోజు ఇవ్వగానే రోగి కోలుకోవాలి.

ఈ కంతులలో అత్యధికం క్యాన్సరు కానివి. కనుక సరిగా గుర్తించి తొలగిస్తే రోగికి సాధారణంగా పూర్తి స్వస్థత చేకూరుతుంది. నేడు చక్కెర పరిమితిని 55గా తీసుకుంటున్నా, ఈ త్రయమే రోగ నిర్ధారణకు తొలిమెట్టు.

విపుల్ శస్త్రచికిత్స

క్లోమ శీర్షాన్ని, ఆంత్రమూలాన్ని కలిపి తొలగించే శస్త్రచికిత్సను జర్మనీలో వాల్తర్ కౌష్ 1909లోనే చేశాడు. విపుల్ 1935లో దానిని రెండు దశల పద్ధతిగా ప్రచురించి, 1940లో ఒకే దశలో పూర్తిచేశాడు. కామెర్ల రోగులలో రక్తస్రావాన్ని అరికట్టే విటమిన్ కె అందుబాటులోకి రావడం ఇందుకు తోడ్పడింది. చిన్న ఇన్సులిన్ కంతులను తరచుగా ఒలిచి తీస్తారు. క్లోమ శీర్షంలో లోతుగా ఉన్నవాటికి ఈ పద్ధతి అవసరం కావచ్చు.

చివరి దశ

విరమణానంతరం విపుల్ వైద్యచరిత్రపై దృష్టి సారించాడు. తాను పుట్టిన ప్రాంతపు నెస్టోరియన్, ముస్లిం వైద్యుల సేవలపై ఆయన రాసిన గ్రంథం మరణానంతరం 1967లో వెలువడింది. ఆయన 1963లో ప్రిన్స్‌టన్‌లో మరణించాడు.