టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి వెండితెరకు.. మూకీల రాణి సులోచన

మూకీల తొలినాళ్లలో స్త్రీ పాత్రలను సైతం పురుషులే ధరించేవారు. 1913లో దాదాసాహెబ్ ఫాల్కే నిర్మించిన 'రాజా హరిశ్చంద్ర'లో తారామతిగా కనిపించినది సాలుంకే అనే వంటవాడు. కెమెరా ముందుకు రావడానికి ఏ స్త్రీ అంగీకరించకపోవడమే ఇందుకు కారణం. అదే ఏడాది 'మోహినీ భస్మాసుర్'లో దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమలాబాయి నటించి బాట వేసినప్పటికీ లోకం చూపు మారలేదు. అటువంటి కాలంలో ఉద్యోగం చేసుకునే ఆడపిల్లను కథానాయికగా నిలబెట్టిన నటీమణి సులోచన.

ఆమె అసలు పేరు రూబీ మైయర్స్. 1907లో పుణేలో యూదు కుటుంబంలో జన్మించారు. టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేస్తున్న సమయంలో కోహినూర్ ఫిల్మ్ కంపెనీకి చెందిన మోహన్ భవనాని ఆమెను సినిమాలకు ఆహ్వానించారు. నటన పరువుగల స్త్రీలు చేసే పని కాదన్న అభిప్రాయం బలంగా ఉన్నందున ఆమె తొలుత నిరాకరించారు. ఆయన పట్టు విడవకపోవడంతో చివరకు ఒప్పుకున్నారు. అప్పటికి నటనలో ఆమెకు ఓనమాలు కూడా తెలియవు.

1926లో విడుదలైన 'టెలిఫోన్ గర్ల్', 'టైపిస్ట్ గర్ల్' చిత్రాలు ఆమెను తారాపథానికి చేర్చాయి. సతీ సావిత్రుల కథలకు అలవాటుపడిన ప్రేక్షకులకు జీతం తెచ్చుకునే యువతి తెరపై కనిపించడం కొత్త. మన పట్టణాల్లోని టైపు ఇన్‌స్టిట్యూట్‌లలో ఆడపిల్లలు బారులు తీరిన రోజులను ఎరిగిన ఈ తరానికి అందులో వింతేమీ తోచకపోవచ్చు. 1927లో 'వైల్డ్ క్యాట్ ఆఫ్ బాంబే'లో ఆమె ఏకంగా 8 వేషాలు కట్టారు. పురుషుడు, పోలీసు అధికారి పాత్రలు సైతం అందులో ఉన్నాయి. స్త్రీ వేషం పురుషుడు కట్టిన 14 ఏళ్లకే ఈ తారుమారు! 1929 నాటి 'ఇందిరా బి.ఎ.' చిత్రంలో నాయిక పేరు పక్కన పట్టా కూడా చేరింది. ఆడపిల్లకు అక్షరాభ్యాసమే గగనమైన రోజులవి.

1931లో టాకీలు రావడంతో కష్టకాలం ఎదురైంది. ఆమెకు హిందుస్తానీ సరిగా రాదు. మూకీలో అవసరపడని భాష ఇప్పుడు అడ్డుగోడైంది. ఆమె వెనుదిరగలేదు. ఏడాదిపాటు నటనకు విరామమిచ్చి భాష నేర్చుకుని, 1932లో 'మాధురి' టాకీతో తిరిగి వచ్చారు. 1934లో 'ఇందిరా ఎం.ఎ.' వెలువడింది. అప్పట్లో ఆమె జీతం నెలకు 5 వేల రూపాయలు. అది బొంబాయి గవర్నరు జీతం కన్నా ఎక్కువని చెప్పుకునేవారు.

అనార్కలి పేరు చెబితే తెలుగువారికి 1955 నాటి చిత్రంలోని అంజలీదేవి గుర్తుకు వస్తారు. సులోచన 1928లో మూకీ అనార్కలిగా, 1935లో టాకీ అనార్కలిగా నటించారు. 1953లో హిందీలో అదే కథ మరల తీసినప్పుడు ఆమెకు దక్కినది సలీం తల్లి పాత్ర. నాయికకు వయసు మీరితే పరిశ్రమ ఏమి చేస్తుందో ఈ మూడు సంవత్సరాలే చెబుతాయి. పిదప చిన్న చిన్న పాత్రలతోనే కాలం గడిపారు.

1973 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆమెను వరించింది. మరుసటి ఏడాది పురస్కారం కడప జిల్లాకు చెందిన బి.ఎన్.రెడ్డికి లభించింది. 1929లో మూకీల ద్వారానే చిత్రసీమలో అడుగిడిన కరీంనగర్ బిడ్డ పైడి జైరాజ్ 1980లో దానిని అందుకున్నారు.

సులోచన 1983 అక్టోబరు 10న బొంబాయిలో కన్నుమూశారు. దేశంలోని మూకీలలో అత్యధికం నశించిపోయాయి.