గుంటూరు డాక్టరమ్మ

వైద్యం కోసం కృష్ణ దాటి గుంటూరు వెళ్లిన మన డెల్టా పెద్దలకు కుగ్లర్ ఆస్పత్రి పేరు కొత్త కాదు. ఆ పేరు ఎవరిదో తెలిసినవారు మాత్రం తక్కువ.

అన్నా సారా కుగ్లర్ 1856లో అమెరికాలోని ఆర్డ్‌మోర్‌లో పుట్టారు. 1879లో ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలో పట్టా పొంది, నారిస్‌టౌన్ మానసిక వైద్యశాలలో పనిచేస్తున్నారు. అప్పుడే గుంటూరు నుంచి మిషనరీ రోవ్ రాసిన ఉత్తరం అందింది. ఇక్కడి స్త్రీలకు ఒక వైద్యురాలు కావాలని దాని సారాంశం. మగ డాక్టరుకు నాడి చూపించని రోజులవి.

ఆమె సిద్ధపడ్డారు. పంపవలసిన లూథరన్ స్త్రీల సంఘమే సిద్ధపడలేదు. వైద్య పరిచర్యకు ఇంకా సమయం రాలేదనుకుని, 1883లో ఆమెను ఘోషా స్త్రీలకు పాఠాలు చెప్పే పనిమీద పంపింది. చదివిన చదువు పక్కన పెట్టమంటే ఎవరి మనసైనా చివుక్కుమంటుంది. కుగ్లర్ అలగలేదు, అలాగని రోగులను వదిలేయనూ లేదు. పాఠాలు చెబుతూనే పిలిచిన ఇళ్లకు వెళ్లి వైద్యం చేశారు. పరదేశి తాకితే మైల అనుకునే కాలంలో ఆ గడప దాటడం చిన్న విషయమా? 1885లో గానీ సంఘం ఆమెను వైద్య మిషనరీగా నియమించలేదు.

1898లో స్త్రీలకు, పిల్లలకు ఆస్పత్రి తెరుచుకుంది. తన కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు, రోగుల బంధువులు ఉండేందుకు ఆస్పత్రి ఎదుట సత్రం కట్టించారు. 1905లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

పెళ్లి చేసుకోని ఆ డాక్టరమ్మ 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూశారు. ఆ ఊరు వచ్చి అప్పటికి 47 ఏళ్లు.