గబ్బిలం... ఒక మార్కు ప్రశ్న మాత్రమే కాదు

డీఎస్సీకో గ్రూప్స్‌కో ప్రిపేర్ అవుతున్నవాళ్లకి ఈ బిట్ కొత్తేమీ కాదు. ‘గబ్బిలం’ రాసిన కవి ఎవరు? గుర్రం జాషువా. టిక్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాం. పది సెకన్లు కూడా పట్టదు. కానీ ఆ పేరు వెనకున్న మనిషి కూడా ఒకప్పుడు మీలాగే పని కోసం ఊళ్లు తిరిగారు. చేతిలో ఉన్న ఉద్యోగం పోగొట్టుకున్నారు. ప్రతిభ ఉండి కూడా ‘మీరేమిట్లు?’ అన్న ఒక్క ప్రశ్న దగ్గర అవమానపడ్డారు. అందుకే ఈసారి బిట్‌ని పక్కనపెట్టి ఆయన బయోడేటా చదువుదాం.

మీది కురిచేడో దొనకొండో అయితే ఆయన మీకు పొరుగూరి మనిషే. గుంటూరు వైపు వెళ్లే రైలెక్కితే కాసేపట్లో వినుకొండ వస్తుంది. జాషువా పుట్టింది అక్కడే, 1895 సెప్టెంబర్ 28న. తండ్రి వీరయ్యది యాదవ కులం, తల్లి లింగమ్మ మాదిగ. ఇప్పటికీ కులాంతర వివాహమంటే ఊళ్లో పంచాయితీలు నడుస్తున్నాయి కదా, ఇది నూట ముప్పై ఏళ్ల కిందటి మాట. క్రైస్తవ కుటుంబం కావడంతో బిడ్డకి జాషువా అని పేరు పెట్టారు.

చిన్నప్పుడు ఆయనకి బొమ్మలు గీయడం, పాటలు పాడటం ఇష్టం. బడిలో చేరాకే కష్టాలు మొదలయ్యాయి. తోటి పిల్లల నుంచి కులం పేరుతో అవమానాలు ఎదురయ్యాయి. ఆయన తల దించుకుని ఊరుకునే రకం కాదు, తిరగబడేవారు. ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. ఏ పిల్లాడూ ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో తెలుసుకుని పుట్టడు. ఇంట్లో పెద్దవాళ్ల మాటలు విని నేర్చుకుంటాడు. అవమానించిన పిల్లలు నేర్చుకున్నదీ అలాగే.

అదే వినుకొండలో ఇంకో రకం మనుషులూ ఉన్నారు. బాల్య స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సావాసంలో జాషువాకి కవిత్వం మీద ఆసక్తి పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు మేఘసందేశం, రఘువంశం చదువుకున్నారు. ఆ మేఘసందేశాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

చదువు వచ్చింది కదా అని తలుపులు తెరుచుకోలేదు. వినుకొండలో ఒక అవధాన సభ జరిగింది. జాషువా అక్కడ తన పద్యాలు చదివారు. పద్యం ఎలా ఉందన్నది పక్కకి పోయింది. తక్కువ కులం వాణ్ని సభలోకి ఎవరు రానిచ్చారని గొడవ చేశారు. మరోవైపు క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథల మీద పద్యాలేంటని సొంత మతపెద్దలూ చిరాకుపడ్డారు. రెండు వైపులా గోడలే.

ఉద్యోగాల వేట

ఇప్పుడు ఆయన కెరీర్ చూడండి. 1910లో మేరీతో పెళ్లయింది. అప్పటికి ఆయన వయసు పదిహేనేళ్లు. మిషనరీ బడిలో టీచర్‌గా చేరారు. నెల జీతం రూపాయల్లో లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు. ఆ ఉద్యోగమూ పోయింది.

తర్వాత రాజమండ్రి వెళ్లి 1915-16లో సినిమా వాచకుడిగా పనిచేశారు. ఆ పని ఇప్పుడు లేదు కాబట్టి కొంచెం చెప్పాలి. అవి మూకీ సినిమాల రోజులు. తెర మీద బొమ్మ కదులుతుంటే, కథనీ సంభాషణల్నీ ఒక మనిషి పక్కనుంచి చదువుతూ ప్రేక్షకులకి చెప్పాలి. ఇంత కవిత్వం వచ్చిన మనిషి ఆ పని చిన్నదని అనుకోలేదు. మాటకి జనం ఎలా స్పందిస్తారో దగ్గర్నుంచి చూసే అవకాశం కూడా అదే కదా!

ఆ తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పనిచేశారు. ఉభయభాషా ప్రవీణ పూర్తిచేశారు. 1928 నుంచి 1942 వరకు గుంటూరులోనే తెలుగు పండితుడిగా ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడి ఉద్యోగమూ చేశారు. 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమాల నిర్మాత. టీచర్, సినిమా వాచకుడు, పండితుడు, ప్రచారకుడు, నిర్మాత... ఇన్ని మారినా ఒకటి మాత్రం మారలేదు. ఏ ఉద్యోగంలో ఉన్నా రాయడం ఆపలేదు.

ఎదుటివాడి కష్టంలోకి

1932లో వచ్చిన ‘ఫిరదౌసి’ కావ్యం ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి భలే అర్థమవుతుంది. పర్షియన్ కవి ఫిరదౌసి ఏళ్ల తరబడి కూర్చుని షానామా రాస్తాడు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న గజనీ సుల్తాను చివరికి వెండి నాణేలు పంపుతాడు. ఆఫర్ లెటర్‌లో ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి అన్నమాట. వినుకొండ మాదిగ తల్లి బిడ్డ, వేల మైళ్ల అవతల, వందల ఏళ్ల కిందటి ఒక ముస్లిం కవి గుండెలోకి వెళ్లి ఆ బాధ రాశారు. తన గాయాన్నే తలుచుకుంటూ కూర్చోకుండా, దాంతోనే ఇంకొకరి గాయాన్ని గుర్తుపట్టారు.

1941లో ‘గబ్బిలం’ వచ్చింది. ఇందులో నాయకుడు తంజావూరు ప్రాంతంలో చెప్పులు కుట్టి బతికే అంటరానివాడు. ఆయనకి కావ్యంలో సొంత పేరంటూ లేదు, అరుంధతీ సుతుడు అంతే. ఒక రాత్రి ఆయన గుడిసెలోకి గబ్బిలం వస్తుంది. తన ఆకలీ అవమానమూ కాశీలో ఉన్న శివుడికి చెప్పమని దాన్నే బతిమాలుకుంటాడు. ఎందుకంటే తనకి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది! పూజారి పక్కన లేని సమయం చూసుకుని చెప్పమని జాగ్రత్త కూడా చెబుతాడు.

మేఘసందేశం గుర్తుందా? అక్కడ యక్షుడు భార్య కోసం మేఘాన్ని పంపాడు. జాషువా ఆ నిర్మాణాన్నే తీసుకుని, అందమైన మేఘం స్థానంలో అందరూ అపశకునమనే గబ్బిలాన్ని పెట్టారు. ఇంట్లోకి వస్తే తరిమికొట్టే జీవి అది. తరిమికొట్టబడిన మనిషికి అదే చుట్టమైంది. ఎవరి భాషని తాకొద్దన్నారో ఆ భాషలో, ఎవరి ఛందస్సు నీది కాదన్నారో ఆ ఛందస్సులోనే జవాబిచ్చారు.

ఇంగ్లిష్ నవలలు చదివేవాళ్లకి ఇక్కడ హార్పర్ లీ రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ గుర్తొస్తుంది. 1960లో వచ్చిన ఆ అమెరికన్ నవలలో, చేయని నేరానికి దోషిగా నిలబడిన నల్లజాతి మనిషిని ఒక చిన్నపిల్ల కళ్లతో చూస్తాం. ఎవరికీ హాని చేయని పక్షిని చంపడం పాపమన్నది అందులో అసలు మాట. దానికి పంతొమ్మిదేళ్ల ముందే మన పల్నాటి కవి ఇంకో అడుగు వేశారు. పాట పాడే పిట్ట మీద జాలి ఎవరికైనా కలుగుతుంది. గబ్బిలం మీద కలగాలంటే మన లోపల ఏదో మారాలి.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఒకప్పుడు సభలోకి ఎందుకు రానిచ్చారన్న సమాజంలోంచే వచ్చిన మహాకవి, నిండు సభలో ఆయన పాదం ముట్టుకున్నారు. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, అదే ఏడాది శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు. ఆయన కూతురు హేమలతా లవణం స్టూవర్టుపురంలో, దొంగలన్న ముద్ర మోస్తున్న కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. ముద్ర వెనక మనిషిని చూడటం ఆ ఇంట్లో వారసత్వంగా వచ్చినట్టుంది.

మీ వంతు

ఇంటర్వ్యూలో ఇంటిపేరు విని ముఖం మారిన సందర్భం, అద్దె గది కోసం వెళ్తే ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న మీలో కొందరికి అనుభవమే. వాళ్లకి జాషువా ఇచ్చే ధైర్యం ఒకటుంది. ఎదుటివాడి చిన్నచూపు మీ ప్రతిభకి కొలత కాదు. అవమానానికి మీరు బాధ్యులు కారు, కాబట్టి దాన్ని మోయాల్సింది మీరు కాదు. నేర్చుకోవడం మాత్రం ఆపకండి.

ఇక ఆ ప్రశ్న ఎప్పుడూ ఎదురుకానివాళ్లకి పని ఇంకా ఎక్కువ. రేపు మీరే టీమ్ లీడ్ అవుతారు, హెచ్ఆర్ అవుతారు, టీచర్ అవుతారు. హాస్టల్లో మీ పక్క మంచం మీదకి కొత్త మనిషి వస్తాడు. అప్పుడు నోటిదాకా వచ్చే మొదటి ప్రశ్న ఏంటో గమనించుకోండి. పేరడగండి, ఊరడగండి, ఏం చదివావని అడగండి. అక్కడితో ఆపండి.

అన్నట్టు, పరీక్ష అయిపోయాక ‘గబ్బిలం’ పుస్తకం ఒకసారి చేతికి తీసుకోండి. ఈసారి మార్కు కోసం కాదు.