జాన్ మార్టిన్

దక్షిణ ధ్రువమును చుట్టియున్న సముద్రమున ఒక వింత కలదు. సూక్ష్మములగు నీటిమొక్కలకు కావలసిన నైట్రేటు, ఫాస్ఫేటు అచ్చటి పైనీటిలో సమృద్ధిగా నున్నవి. అయినను, వేసవి యెండలో సైతము ఆ మొక్కలు వానిని పూర్తిగా వాడుకొనజాలవు. ఎరువుండియు పంట పండని పొలము వంటి దిది. దీని మర్మమును వెదకినవాడు జాన్ మార్టిన్.

ఇతడు 1935వ సంవత్సరమున అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున జన్మించెను. కళాశాలలో చదువుచుండగా పోలియో సోకుటచే తిరిగి నడక నేర్వవలసి వచ్చెను. అట్టివాడు ఊగులాడు ఓడలపై చేయవలసిన పరిశోధనను ఎన్నుకొనెను!

ఆ నీటిలో లోపించినది ఇనుమని కొందరు పూర్వమే ఊహించిరి. కాని దానిని కొలచుట ఎట్లు? ఓడ ఇనుము, తీగ ఇనుము. వాని తుప్పు నీటిలో కలిసి లెక్కలు తప్పుచుండెను. కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్ సముద్ర పరిశోధనాలయమున మార్టినును, అతని సహచరులును ధూళి సోకని పాత్రలతో నీటిని తీసి కొలచిరి. గ్రామును వందకోట్ల భాగములు చేసినచో, లీటరు నీటిలో ఇనుము అట్టివి కొలది భాగములే యుండెను! ఎడారుల ధూళి మోసికొని వచ్చు ఇనుము ఆ దూరసముద్రమునకు మిక్కిలి స్వల్పముగా చేరును.

మంచుయుగములలో ధూళి హెచ్చుగా వీచెననియు, అందుచే మొక్కలు పెరిగి గాలిలోని బొగ్గుపులుసు వాయువును తగ్గించియుండుననియు 1990లో అతడు ప్రతిపాదించెను. పలువురు ఒప్పుకొనలేదు. సముద్రముననే పరీక్షింపదలచి సన్నాహములు చేయుచుండగా, 1993 జూన్ నెలలో క్యాన్సరుచే మరణించెను.

నాలుగు నెలలకు, అట్టి నీరే గల గాలపాగస్ ద్వీపముల చెంత సహచరులు సముద్రమున ఇనుమును కలిపిరి; మొక్కలు పెరిగెను. 1999లో దక్షిణ సముద్రముననే శాస్త్రజ్ఞులు కలిపిరి. ఆ పచ్చని చార నలువది దినములు గడచినను ఉపగ్రహమునకు కనబడెను.