ప్రేమచంద్ రాయచంద్ : బొంబాయి వాటాల బజారు

కంపెనీల వాటాలు కొనువారు నేడు పట్టణములలోనే కాక పల్లెలలోను కానవచ్చుచున్నారు. పంట యమ్మిన సొమ్ములో కొంత వాటాలపై పెట్టు భూస్వాములును, జీతములో కొంత మిగిల్చి పెట్టు ఉద్యోగులును గలరు. వీరిలో తెలివిగలవారు మొదట కంపెనీ పేరడుగరు. ఈ యేడు ఏ పరిశ్రమ ముందున్నదని యడుగుదురు. ముందున్న పరిశ్రమను గుర్తించి, అందు మొదటి వరుసలో నున్న కంపెనీని పట్టుకొన్నచో లాభము తప్పదని వీరి మతము. ఈ మతము క్రొత్తది కాదు. మన దేశమున దీని నందరికంటె ముందుగా గ్రహించి, దానివలన కోట్లు గడించి, నాలుగైదేండ్లలోనే యా కోట్లు పోగొట్టుకొన్న వర్తకు డొకడు బొంబాయిలో నుండెను. ఆయనయే ప్రేమచంద్ రాయచంద్.

ప్రేమచందు 1831లో సూరతు పట్టణమున నొక జైన వర్తకుని యింట జన్మించెను. సూరతు రేవు వైభవము తగ్గి బొంబాయి వర్ధిల్లుచున్న దినము లవి. తండ్రి కాపురమును బొంబాయికి మార్చి కుమారుని ఎల్ఫిన్‌స్టన్ విద్యాశాలలో చదివించెను. ఇంగ్లీషు చదువను, వ్రాయను, మాటలాడను నేర్చిన దేశీయ దళారులలో ప్రేమచందే మొదటివాడని ప్రతీతి. 1849 ప్రాంతమున నాతడొక వాటాల దళారికడ సహాయకుడుగా చేరెను. అప్పటి వాటాల బజారనగా నెంత? కొన్ని బ్యాంకుల వాటాలు, ఈస్టిండియా కంపెనీవారి ఋణపత్రములు, టౌనుహాలు నెదుట మఱ్ఱిచెట్టు నీడను నిలిచి బేరములాడు కొలదిమంది దళారులు. ఆ నీడలో నాతడు దినమునకెన్ని బేరములు కుదిర్చినను కాగితముపై పెట్టక మనసుననే నిలుపుకొని, సాయంకాలము తప్పులేక యొప్పగించెడివాడని చెప్పుదురు.

1861 ఏప్రిలులో అమెరికా ఉత్తర దక్షిణ రాష్ట్రములకు యుద్ధము పొసగెను. లాంకషైరు మిల్లులు వాడు దూదిలో నాలుగింట మూడువంతులకు పైగా ఆ దక్షిణ రాష్ట్రములనుండియే వచ్చుచుండెను. ఉత్తరపు నౌకలు దక్షిణపు రేవులను దిగ్బంధము చేయగా ఆ దూది నిలిచిపోయెను. ఇంగ్లండున మిల్లులు మూతబడి కూలివారు పస్తులుండిరి. మిల్లు యజమానుల చూపు హిందూదేశముపై బడెను. లివర్పూలులో సూరతు దూది ధర మూడేండ్లలో సుమారు నాలుగింతలయ్యెను. బొంబాయిలో జనులు పరుపులు, దిండ్లు చించి పాతదూదిని సయిత మమ్ముకొనిరట. ఈ గాలి మన సీమకును సోకెను. కర్నూలు, బళ్లారి ప్రాంతముల నల్లరేగళ్లలోను గుంటూరు సీమలోను ప్రత్తిసేద్యము ప్రబలెను. కాకినాడ రేవు దూది యెగుమతులకు పేరొందెను.

ప్రేమచందు దళారియే కాని జూదరి కాడు. ఆ దినములలో నైనను కాడు. ధర యెక్కడ పుట్టుచున్నదో తెలిసికొనుట ఆతని మొదటి పని. యూరపుతో తంతి సంబంధ మింకను ఏర్పడలేదు. లివర్పూలు ధరలు టపాయోడతో రావలసినదే. ఓడ రేవున లంగరు వేయకముందే ఆతని మనుష్యులు చిన్న పడవలపై నెదురేగి, ధరల చీటి నందుకొని, ఊరికంటె ముందు యజమానికి చేర్చెడివారట. ఊరివారు కన్ను తెరచునప్పటికి ఈతడు లోపలి గ్రామములలో దూది కొనివేయుచుండెను. ముందున్న వ్యాపారమును గుర్తించుట యనగా నిదియే. దూదికి గిరాకి యెందువలన వచ్చినది, ఎవరు కొనుచున్నారు, ఎంతకాలము కొందురు, అను మూడు ప్రశ్నలకు ఆతనికడ సమాధాన ముండెను.

ఆ నాలుగైదేండ్లలో దూది మూలమున బొంబాయికి అదనముగా వచ్చిచేరిన ధనము ఏడెనిమిది కోట్ల పౌనులని లెక్కవేసిరి. ఇంత సొమ్ము ఒక్క పట్టణమున వచ్చిపడగా అది యూరకుండునా? చెరువు నిండి యలుగు పారినప్పుడు నీరు మొదట కాలువలలోను, పిదప పల్లపు మళ్లలోను, చివరకు బీళ్లలోను ప్రవహించును. బొంబాయి ధనముకూడ నట్లే పారెను. మొదట దూదిని నొక్కి బేళ్లు కట్టు యంత్రశాలలు, దానిని మోయు ఓడల కంపెనీలు, దానికి పూచీపడు భీమా కంపెనీలు పుట్టినవి. ఇవి ప్రత్తికాయకు దగ్గరివి. పిమ్మట దూది వర్తకులకు అప్పిచ్చు బ్యాంకులు పుట్టినవి. ఆ తరువాత, బ్యాంకుల వాటాలు కుదువబెట్టుకొని అప్పిచ్చు ధనసహాయ సంఘములు పుట్టినవి. చివరకు సముద్రమును పూడ్చి భూమి చేసి యమ్మెదమను కంపెనీలు పుట్టినవి. 1865 జనవరినాటికి బొంబాయిలో 31 బ్యాంకులు, 16 ధనసహాయ సంఘములు, 8 భూమి కంపెనీలు, 16 దూదినొక్కు కంపెనీలు, 10 ఓడల కంపెనీలు, 20 భీమా కంపెనీలు ఉండెను. పదియేండ్లకు ముందు ధనసహాయ సంఘమన్న పేరే యెవరు నెరుగరు. ఈ పట్టికను మరల నొకసారి చదువుడు. దూదినే నమ్ముకొన్న పట్టణములో దూదినొక్కు కంపెనీలు పదునారు. వట్టి సొమ్మును తిప్పుటకు పుట్టినవి నలుబదియేడు!

వీనిలో మొదటి వరుసలో నెగిరినది బ్యాక్‌బే పూడిక కంపెనీ. మలబారు కొండ మొదలు కొలాబావరకు సముద్రపు వంపును పూడ్చి, నగరమునకు రైలునకు స్థల మీయవలెనని దాని సంకల్పము. సంకల్పము చెడ్డది కాదు; తరువాతి కాలమున ప్రభుత్వమువారే యా పనికి పూనుకొనిరి. కాని అప్పటికి నీరు నీరుగనే యున్నది, వాటా మాత్రము ఆకాశమున నున్నది. 5,000 రూపాయలు చెల్లించిన వాటా 50,000 వరకు ప్రాకెను. దాని కర్త ప్రేమచందు. క్రొత్త కంపెనీ తెరచునప్పుడు వాటాలు ముఖవిలువకు పంచబడెడివి. దొరికినవాడు మరునాడే బజారులో నెన్నో రెట్లకు అమ్ముకొనెడివాడు. కావున ప్రేమచందు చేతినుండి యొక చీటి సంపాదించుట యనగా నిధి దొరకుటయే. తెల్లదొరలు, దేశీయ షరాబులు, వకీళ్లు, గుమాస్తాలు అందరును ఆతని యింటి మెట్లపై వేచియుండిరి.

పండుగకు కావలసిన పైక మీయ బొంబాయి బ్యాంకి యుండెను. ఇది ప్రభుత్వమునకును వాటాలు గల పెద్ద బ్యాంకి, 1840లో స్థాపితము. 1863లో దానికి క్రొత్త చట్ట మేర్పడగా, వాటాల తాకట్టుపై అప్పిచ్చుటకు నుండిన వెనుకటి కట్టుబాట్లు సడలెను. ప్రేమచందునకు ఆ బ్యాంకిలో నెదురు లేకపోయెను. ఆయన మాటపై, చాలినంత పూచీ లేకయే అప్పులు పుట్టినవి. బ్యాంకి యిచ్చిన సొమ్ముతో భూమి కంపెనీ వాటా కొందురు. ధర పెరిగిన యా వాటాను కుదువబెట్టి మరల బ్యాంకిలోనే అప్పు తెత్తురు. ఆ యప్పుతో బ్యాంకి వాటానే కొందురు. పాము తన తోకను తాను మ్రింగుచు లావెక్కుచున్నానని మురిసినట్లుండెను. బొంబాయి బ్యాంకి 500 రూపాయల వాటా 2,850 కి చేరెను.

1864 చలికాలము నుండియే సంధి వదంతులకు దూది ధర తొణకసాగెను. 1865 ఏప్రిలులో దక్షిణ సేనాని లీ లొంగిపోయెను. ఆ వార్త బొంబాయికి చేరునప్పటికి వాయిదా బేరములన్నియు జూలై 1వ తేదీకి కట్టియుండెను. ఆ దినమున నీయవలసినవా రందరే కాని ఇచ్చువారు లేరు. నిన్నటి లక్షాధికారులు దివాలా పత్రములు దాఖలు చేసిరి. కుప్పతెప్పలుగా వచ్చిపడిన దివాలాలను పరిష్కరించుటకు 1865లో 28వ చట్టమును ప్రత్యేకముగా చేయవలసివచ్చెను. బొంబాయి బ్యాంకి వాటా 87 రూపాయలకు దిగెను. బ్యాంకి మూలధనములో నధికభాగము హరించుకొనిపోగా 1868లో దానిని మూసి, అదే పేర క్రొత్తదానిని స్థాపించిరి. విచారణకు ప్రభుత్వమువా రొక సంఘమును నియమించిరి. బ్యాంకి పతనమునకు ప్రేమచందుకూడ కారకుడన్న నింద ఆయన జీవితాంతమును విడువలేదు. ఆ నింద యన్యాయమని మేము చెప్పజాలము.

ఇచట నొక సందేహము పుట్టును. దూదికి గిరాకి యేల వచ్చినదో అందరికంటె బాగుగ నెరిగినవాడు, యుద్ధము ముగియగానే అది పోవునని యెరుగడా? ఎరుగకేమి! ఆతడు మరచినది మరియొకటి. దూది ముందున్న వ్యాపారమని గుర్తించుటలో పొరపాటు లేదు. దూదితో పాటు పెరిగినదెల్ల దూదివంటిదేయని తలచుటలో పొరపాటున్నది. సముద్రపు పూడికకు లివర్పూలులో కొనువాడు లేడు. దాని ధర నిలిపినది బొంబాయివాని యాశ. ఆ యాశకు సొమ్ము దూదినుండి వచ్చుచుండెను. వేరొక్కటే, కొమ్మలు వేయి. వేరు తెగినప్పుడు దూదినొక్కు శాలకు కొంత పనియైనను మిగిలెను. కొమ్మ చివరనున్న కంపెనీకి కాగితము మాత్రమే మిగిలెను. 1999, 2000 సంవత్సరములలో పేరుచివర సాఫ్ట్‌వేరు అను మాట తగిలించుకొన్న కంపెనీల వాటాలు కొని, సొమ్ము పోగొట్టుకొన్న మన హైదరాబాదు మిత్రులకు ఈ సంగతి వివరింప నక్కరలేదు.

ఇంకొక విషయము మనకు మిక్కిలి బాధాకరము. దూది పచ్చిసరుకుగా నోడ యెక్కి పోయెను, బట్టయై తిరిగివచ్చెను. బొంబాయిలో మొదటి నూలుమిల్లు 1854లోనే కవాస్‌జీ దావరు స్థాపించియుండెను. ఏడెనిమిది కోట్ల పౌనులు చేతబడిన దినములలో, ఆ ధనముతో మిల్లులు పెట్టినవారు చేతివ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. పెద్ద లాభము రెండు వారములలో వచ్చుచుండగా, యంత్రము తెప్పించి మూడేండ్లు వేచియుండుట కెవరికి నోపిక? మిల్లుల సంఖ్య నిజముగ పెరిగినది పతనము తరువాతనే. ఆ పతనమున నష్టపడినవారిలో నుస్సర్వాన్‌జీ టాటా యొకడు. ఆయన కుమారుడు జంషెట్‌జీ, దేశీయ బ్యాంకి స్థాపింపవలెనని 1864లో ఇంగ్లండునకు పంపబడి, అక్కడనే యీ పిడుగు వార్త విని తిరిగివచ్చెను. ఆయన 1869లో మూతబడిన నూనెమిల్లు నొకదానిని కొని నూలుమిల్లుగా మార్చెను; 1877లో నాగపురమున, ప్రత్తిచేల నడుమనే, మరియొక మిల్లు తెరచెను. బొంబాయిని విడిచి అంతదూర మేల యని నవ్వినవారుండిరి.

ప్రేమచందు పారిపోలేదు. ఆస్తిని అప్పులవారి కప్పగించి మరల దళారి వృత్తికి దిగెను. మునుపటి యైశ్వర్యము మరల రాలేదు గాని బజారులో మాట చెల్లెను. 1875 జూలై 9న దేశీయ దళారులు కూడి యొక సంఘ మేర్పరచుకొన్నప్పుడు ఆయన యందు ముఖ్యుడు. సభ్యులు 318 మంది, ప్రవేశ రుసుము ఒక్క రూపాయి. నేటి బొంబాయి స్టాక్ ఎక్స్‌ఛేంజి దానినుండి పెరిగినదే. నిబంధనలు లేని బజారు ఏమిచేయునో తెలిసినవాడు నిబంధనల సంఘమునకు పునాది వేయుట చిత్రము కాదు.

ఆయన వైభవ దినముల ధనములో కొట్టుకొనిపోనిది దానమొక్కటే. 1864లో బొంబాయి విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయమునకై 2 లక్షలు, గడియార గోపురమునకై మరి 2 లక్షలు ఇచ్చి, గోపురమునకు తల్లి రాజాబాయి పేరు పెట్టుమని కోరెను. 1869లో పునాది వేసి 1878లో ముగించిన యా గోపురము 280 అడుగుల యెత్తున నేటికిని నిలిచియున్నది. చూపులేని యా జైన వృద్ధురాలు ప్రొద్దుక్రుంకకముందే భుజించుటకు దాని గంట వేళ తెలుపవలెనని కొడుకు కోరికయట. కలకత్తా విశ్వవిద్యాలయమున కిచ్చిన 2 లక్షలతో నేర్పడిన విద్యార్థివేతనమును పొందినవారిలో ఆశుతోష్ ముఖర్జీ యొకరు.

1906లో ప్రేమచందు స్వర్గస్థుడయ్యెను. మరుసటి సంవత్సరము అదే బొంబాయిలో, జంషెట్‌జీ టాటా తలపెట్టి చూడకయే మరణించిన యినుప కర్మాగారమునకు వాటాలు తెరచిరి. లండనులో సొమ్ము పుట్టనందున స్వదేశమునే నమ్ముకొనిరి. మూడు వారములలో సుమారు 8,000 మంది భారతీయులు 16,30,000 పౌనుల మూలధనమును సమకూర్చిరి. 1865లో మునిగిన కుటుంబముల పుత్రులు, పౌత్రులు వారిలో నుండకపోరు. వారి వాటాలకు ప్రతిఫలముగా చూపుటకు అప్పటికి అడవి తప్ప మరేమియు లేదు. అయినను కొండలో నినుము, చెంత బొగ్గు, ఆ యినుము కావలసిన రైళ్లు ఉండెను. మొదటి ఉక్కు 1912లో పోతపోసిరి.