బళ్లారి రాఘవ

బళ్లారి రాఘవాచార్యులవారి చరిత్రమును చెప్పువారు సాధారణముగా వారి విజయములనే లెక్కింతురు. మాకు మాత్రము వారి పట్టుదలయు, దానివలన వారికి గలిగిన నష్టమును ముఖ్యముగా దోచుచున్నవి.

తాడిపత్రి రాఘవాచార్యులు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన జన్మించిరి. ఆంధ్ర నాటక పితామహులని పేరుగన్న ధర్మవరము రామకృష్ణమాచార్యులు వారికి మేనమామ. బళ్లారిలో సరసవినోదినీ సభను నెలకొల్పి, నాటకములు వ్రాసి, స్వయముగా వేషములు ధరించి, తెలుగు నాటకమున పాటకు చోటు కల్పించినవారు ఆ ఆచార్యులే. ఆ ఇంటి గాలిలోనే మేనల్లుడు పెరిగెను.

ఆ పాటయే కాలక్రమమున వెర్రితలలు వేసెను. నటుడు ఒక్కొక్క పద్యమునకు నిమిషములకొలది రాగము తీయుట, జనులు వన్సుమోరని కేకలు వేయుట, చచ్చి పడియున్న పాత్ర లేచి మరల పాడి మరల చచ్చుట, ఇవన్నియు మన పెద్దలెఱిగిన ముచ్చటలే! రాఘవ దీనిని సహింపలేదు. దుర్యోధనుడైనను, రామదాసైనను, కొలాచలము శ్రీనివాసరావుగారి నాటకములోని పఠానైనను, వారి నోట పద్యము మాటవలెనే వెలువడెడిది. భావమునకే గాని రాగమునకు ప్రాధాన్యము లేదు. వారు వృత్తిచే న్యాయవాదులు; నాటకము కూటికొఱకు గాదు. కనుకనే సభికుల యభిరుచికి లొంగవలసిన యగత్యము వారికి లేకపోయెను. ఈ సంగతి మఱచి, కేకలకు లొంగిన పొట్టకూటి నటులను నిందించుట న్యాయము గాదని మా యభిప్రాయము.

స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని వారు పట్టుబట్టిరి. కుటుంబ స్త్రీ రంగమెక్కుట అపచారమని లోకము తలచిన దినములలో కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వారి సరసన నటించిరి. పి. వి. రాజమన్నారుగారి ‘తప్పెవరిది’ వంటి సాంఘిక నాటకములను రాఘవ ప్రదర్శించిరి. దీనబంధు కబీరుగా వారి నటనను గాంధీమహాత్ముడు తిలకించెను. 1928లో వారు ఇంగ్లండు వెళ్లి అచటి రంగస్థలమును పరిశీలించి వచ్చిరి.

మాటయే నటనయని నమ్మినవారికి టాకీ తగిన స్థానమే. కాని అది వచ్చునప్పటికి రాఘవకు ఏబది యేండ్లు దాటినవి. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణము’న వారు దుర్యోధనులైరి. అదే యేట పోటీగా వచ్చిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’న యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనులు. ప్రజలు రెండవ చిత్రమునకే పట్టము గట్టిరి. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి ‘రైతుబిడ్డ’లో మాత్రము రాఘవ నిజముగా రైతే యయ్యిరి. చల్లపల్లి రాజావారి సొమ్ముతో తీసిన యా చిత్రము జమీందారీ దౌష్ట్యమును చూపుట యొక వింత. తోడి జమీందారులు మండిపడిరి; కొన్నిచోట్ల చిత్రము నిషేధింపబడెను. 1940లో ‘చండిక’ వెడలెను. అంతటితో సరి.

1946 ఏప్రిల్ 16వ తేదీన రాఘవ మరణించిరి. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరెను. ఆ యూర వారి పేర కళామందిరము వెలసినది. అందు కన్నడ నాటకములును ఆడుదురు.